అమెరికాలో పౌరహక్కుల చట్టాలు: కాగితం నుంచి కార్యరూపం దాకా

ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. 1982లో ఆ రోజునే డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వెలువరించింది. 31-3-1979 అనే తేదీకి ముందు రిటైరైన వారికి ఒక న్యాయం, తర్వాత రిటైరైన వారికి మరో న్యాయం చెల్లదని, పెన్షన్ భిక్ష కాదని, చేసిన సేవకు లభించే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్. ఐదుగురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు కూడా ఉన్నారు. ఇదంతా మన సభ్యులకు తెలిసిందే.

ఆ తీర్పుకు పునాది మన రాజ్యాంగంలోని 14వ అధికరణం. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, చట్టం ముందు అందరూ సమానులే అన్నది. రెండోది, చట్టాల సమాన రక్షణ. ఈ రెండో మాట మనం అమెరికా రాజ్యాంగం నుంచి తీసుకున్నాం. అక్కడ అది ఉన్నది కూడా 14వ సవరణలోనే కావడం ఒక విశేషం. ఆ మాట పుట్టింటి చరిత్ర ఏమిటో చూద్దామని కొంతకాలంగా చదువుతున్నాను. చదివే కొద్దీ మన పెద్దలు చెప్పిన సామెతే గుర్తుకు వచ్చింది: దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. అమెరికాలో దేవుడు 1868లోనే వరమిచ్చాడు. పూజారి చేత ఇప్పించడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఆ నూరేళ్ల కథను, ఆ తర్వాతి కథను క్లుప్తంగా సభ్యుల ముందు ఉంచుతున్నాను.

వరం దొరికిన రోజులు

1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నల్లజాతి వారు ఆ దేశ పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. నాలుగేళ్లు దాటగానే అంతర్యుద్ధం వచ్చింది. 1865లో యుద్ధం ముగిసింది. అదే సంవత్సరం డిసెంబరులో 13వ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. కానీ దక్షిణాది రాష్ట్రాలు ఊరుకోలేదు. పని ఒప్పందం లేకుండా తిరిగే నల్లవారిని దిమ్మరులుగా లెక్కగట్టి, జరిమానా వేసి, ఆ జరిమానా కట్టిన భూస్వామి దగ్గర పనికి పెట్టే చట్టాలు చేశాయి. బానిసత్వం ముందు తలుపు గుండా వెళ్లి దొడ్డిదారిన తిరిగి వచ్చింది.

దీనికి జవాబుగా 1866లో అమెరికా కాంగ్రెస్ మొట్టమొదటి పౌరహక్కుల చట్టం చేసింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేసినా, ఏప్రిల్ 9న మూడింట రెండు వంతుల మెజారిటీతో దాన్ని నెగ్గించుకుంది. అమెరికా గడ్డ మీద పుట్టినవారు పౌరులని, ఒప్పందాలు చేసుకునే హక్కు, ఆస్తి సంపాదించుకునే హక్కు, కోర్టుకెక్కే హక్కు తెల్లవారితో సమానంగా ఉంటాయని ఆ చట్టం చెప్పింది. రేపు మరో కాంగ్రెస్ వచ్చి దీన్ని రద్దు చేయకుండా 1868 జులైలో 14వ సవరణ తెచ్చి సమాన రక్షణను రాజ్యాంగంలోనే చేర్చారు. 1870లో 15వ సవరణ రంగు, జాతి కారణంగా ఓటు హక్కు నిరాకరించరాదని చెప్పింది. అదే సంవత్సరం హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి నాయకుడు మిసిసిపీ రాష్ట్రం నుంచి సెనేట్‌లో అడుగుపెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో చట్టం వెనుక యంత్రాంగం ఉంది. కేంద్ర న్యాయశాఖ ఏర్పడింది 1870లోనే. ముసుగులు వేసుకుని నల్లవారిని చంపుతున్న కు క్లక్స్ క్లాన్ ముఠాలను అణచడానికి 1871లో ప్రత్యేక చట్టం వచ్చింది. దక్షిణాదిలో ఫెడరల్ సైన్యం ఉంది. సైన్యం ఉన్నంతకాలం హక్కులు ఉన్నాయి. 1877లో రాజకీయ బేరసారాల్లో సైన్యం కాపలా ఎత్తివేశారు. సవరణల్లో ఒక్క అక్షరం మారలేదు, కానీ హక్కులు పోయాయి.

పూజారి అడ్డుపడిన కాలం

1875లో చేసిన మరో చట్టం సత్రాలు, రైళ్లు, నాటకశాలల్లో రంగు వివక్ష చూపరాదంది. 1883లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 14వ సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్నే కాని, ప్రైవేటు సత్రం యజమానిని కాదని తేల్చింది. విభేదించిన న్యాయమూర్తి ఒకే ఒక్కరు, జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్.

తర్వాత రైలుపెట్టె కేసు. లూసియానా రాష్ట్రం 1890లో తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. దాన్ని సవాలు చేయడానికే హోమర్ ప్లెసీ అనే ఆయన 1892 జూన్ 7న న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి పెట్టె ఎక్కి అరెస్టయ్యాడు. ఆయన ముత్తాతల తరంలోని ఎనిమిది మందిలో ఒక్కరే నల్లవారట. చూస్తే తెల్లవాడిలాగే ఉండేవాడు. 1896లో సుప్రీంకోర్టు, వసతులు సమానంగా ఉంటే వేరుగా ఉంచడం తప్పు కాదని తీర్పు చెప్పింది. ఈసారి కూడా విభేదించింది హార్లన్ ఒక్కరే. ఆ తీర్పు తర్వాత బడి, ఆసుపత్రి, మంచినీళ్ల కుళాయి, చివరకు శ్మశానం కూడా రెండుగా చీలాయి. వేరు అన్నది ప్రతిచోటా అమలైంది. సమానం అన్నది ఎక్కడా అమలు కాలేదు.

ఓటు సంగతి మరీ విచిత్రం. 15వ సవరణ ఉంది కాబట్టి నల్లవారికి ఓటు లేదని ఎవరూ రాయలేదు. మిసిసిపీ 1890 నాటి రాజ్యాంగంలో తలపన్ను కట్టాలని, రాజ్యాంగంలో ఒక భాగం చదవగలగాలి లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పగలగాలని పెట్టారు. ఎవరికి ఏ భాగం ఇవ్వాలి, చెప్పిన అర్థం సరైనదా కాదా అన్నది రిజిస్ట్రేషన్ గుమాస్తా ఇష్టం. రూలు అందరికీ ఒక్కటే. కానీ అడిగే ప్రశ్న మనిషిని బట్టి మారుతుంది. కార్యాలయాల్లో పనిచేసిన మనకు ఈ విద్య గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇటువంటి నిబంధనల ఫలితంగా లూసియానాలో 1896లో 1,30,334 మంది ఉన్న నల్లజాతి ఓటర్లు 1904 నాటికి 1,342 మందికి తగ్గిపోయారు.

ఒక్కొక్క ఇటుకా తీసిన లాయర్లు

1909లో నల్లజాతి వారి హక్కుల కోసం జాతీయ సంఘం ఏర్పడింది. అమెరికాలో దాన్ని ఎన్.ఎ.ఎ.సి.పి. అంటారు. దాని లాయర్లు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, ఆయన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్. వీరు గోడను ఒక్కసారిగా కూల్చాలని చూడలేదు. వేరు తప్పు అని వాదించకుండా, సమానం ఎక్కడుందో చూపించమని అడిగారు. అదీ ఖర్చుతో కూడిన ఉన్నత విద్య దగ్గర మొదలుపెట్టారు.

వారి కేసుల్లో నా మనసుకు బాగా పట్టినది జార్జి మెక్‌లారిన్ గారిది. ఆయన అప్పటికే ఎం.ఎ. స్థాయి పట్టా ఉన్న మనిషి. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేయాలని కోర్టు ద్వారా సీటు సంపాదించాడు. చేర్చుకున్నారు, కానీ తరగతి గదిలో కాదు, దాన్ని ఆనుకుని ఉన్న పక్క గదిలో కూర్చోబెట్టారు. లైబ్రరీలో పై అంతస్తున ఒక బల్ల కేటాయించారు, కింది చదువుల గదిలోకి రాకూడదన్నారు. భోజనశాలలో వేరే బల్ల, వేరే వేళ. అదే పాఠం, అదే ఉపాధ్యాయుడు, అదే పుస్తకం, అదే అన్నం. ఇంకేం తక్కువైందని విశ్వవిద్యాలయం వాదన. తోటివారితో మాట్లాడడం, చర్చించడం కూడా చదువులో భాగమేనని, ఇలా వేరు చేయడం సమాన రక్షణ కాదని 1950 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది.

మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది అదే సంవత్సరం జనవరిలో. అంటే మనం సమాన రక్షణ అనే మాటను అమెరికా నుంచి తెచ్చుకునే నాటికి, వారి దేశంలో దాని కింద ఒక పెద్దమనిషి పక్క గదిలో కూర్చుని పాఠం వింటున్నాడు. అయితే మన రాజ్యాంగ నిర్మాతలు ఆ మాట ఒక్కదానితో సరిపెట్టుకోలేదు. 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు పేరు పేరునా చెప్పారు. 17వ అధికరణంలో అంటరానితనాన్ని నిషేధించారు. 1883లో అమెరికా కోర్టు తెరిచి పెట్టిన కంతను మనవారు ముందే పూడ్చారన్న మాట. పూడ్చినా ఆచరణలో ఎంత మిగిలిందో మన ఊళ్లు చూసిన వారందరికీ తెలుసు.

తీర్పు వచ్చింది, బడి తెరుచుకోలేదు

1954 మే 17న బ్రౌన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తొమ్మిది మంది న్యాయమూర్తుల తరఫున ఏకగ్రీవ తీర్పు చదివారు. బడుల్లో వేరుగా ఉంచడమే అసమానత అని అన్నారు. చరిత్ర పుస్తకాలు చాలావరకు ఇక్కడ చప్పట్లు కొట్టి ముగిస్తాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

మరుసటి సంవత్సరం అమలు గురించి ఇచ్చిన రెండో తీర్పులో గడువు తేదీ లేదు. వీలైనంత త్వరగా, ఆలోచించి చేయండి అన్న ధోరణిలో చెప్పారు. గడువు లేని ఉత్తర్వు గతి ఏమవుతుందో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన నాకు ఒకరు చెప్పాలా? 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లపిల్లలు బడికి వెళ్లడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపవలసి వచ్చింది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే నల్లపిల్లలను చేర్చుకోవడం కంటే మేలని 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. ఐదేళ్ల పాటు తెరవలేదు. బ్రౌన్ తీర్పు వచ్చిన పదేళ్లకు, పాత తిరుగుబాటు రాష్ట్రాలు పదకొండింటిలో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్న నల్లపిల్లలు నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ. అంతే.

ఈ మధ్యలో 1957లో, 1960లో రెండు పౌరహక్కుల చట్టాలు వచ్చాయి. ఒక కమిషన్‌ను, న్యాయశాఖలో ఒక విభాగాన్ని ఏర్పరచాయి కాని, ఓటు కోసం ప్రతి ఊళ్లో ప్రతి గుమాస్తా మీద విడివిడిగా దావా వేయవలసి వచ్చేది. ఒక రూలు కోర్టు కొట్టేస్తే గుమాస్తా మరో రూలు తెచ్చేవాడు.

1964: పళ్లున్న చట్టం

దారి మార్చింది జనం. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో రోసా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నప్పటి నుంచి 381 రోజులు ఆ ఊరి నల్లవారు బస్సెక్కలేదు. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవారి ఫలహారశాల బల్ల దగ్గర కూర్చుని లేవలేదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీదికి పోలీసు కుక్కలను వదలడం ప్రపంచమంతా చూసింది. అధ్యక్షుడు కెన్నెడీ ఆ జూన్‌లో బిల్లు పంపారు. నవంబరులో హత్యకు గురయ్యారు. ఆ బిల్లును లిండన్ జాన్సన్ తన భుజాన వేసుకున్నారు.

దక్షిణాది సెనేటర్లు సుమారు 60 పనిదినాలు ఉపన్యాసాలతోనే సభను ఆపారు. చర్చ ముగించడానికి 67 ఓట్లు కావాలి. 1964 జూన్ 10న ఓటింగు జరిగింది. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్ మెదడులో గడ్డతో మాట పడిపోయి ఉన్నారు. ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిస్తే మాట పెగల్లేదు, చేయి ఎత్తి తన కన్ను చూపించారు. ఇంగ్లీషులో సమ్మతి తెలిపే మాట, కన్ను అనే మాట ఒకేలా పలుకుతాయి. సమ్మతిగా రాసుకున్నారు. 71 ఓట్లు వచ్చాయి. ఏడు వారాలకు ఆయన మరణించారు. జులై 2న బిల్లు చట్టమైంది.

ఈ చట్టం గొప్పతనం మాటల్లో లేదు, ఏర్పాట్లలో ఉంది. మొదటిది హోటళ్లు. 1883 తీర్పు అడ్డు తగలకుండా రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం మీద ప్రధానంగా దీన్ని నిలబెట్టారు. బర్మింగ్‌హామ్‌లో ఒక కుటుంబం నడిపే మాంసం హోటలు, మాది ఊరి హోటలు, మాకేం సంబంధం అని కోర్టుకెళ్లింది. మీరు వండే మాంసంలో దాదాపు 70,000 డాలర్ల సరుకు వేరే రాష్ట్రం నుంచి వచ్చిందే కదా అని కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రెండోది గ్రాంటు. వివక్ష చూపే సంస్థకు ఫెడరల్ నిధులు ఆపవచ్చు. మరుసటి సంవత్సరం బడులకు పెద్దయెత్తున ఫెడరల్ నిధుల చట్టం వచ్చేసరికి ఈ నిబంధనకు పళ్లు మొలిచాయి. తీర్పు పదేళ్లలో నూటికి ఒకరిని కదిలిస్తే, గ్రాంటు ఆగుతుందన్న భయం, కోర్టుల కొత్త పట్టుదల కలిసి 1968 నాటికి దాదాపు మూడో వంతు నల్లపిల్లలను తెల్లపిల్లల బడిలోకి చేర్చాయి. మూడోది ఉద్యోగాల్లో సమాన అవకాశాల కమిషన్.

1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. దీంతో వ్యవహారం తలకిందులైంది. అంతవరకు అన్యాయం జరిగిందని ఓటరు నిరూపించుకోవాలి. ఇప్పుడు పాత చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా, అన్యాయం జరగదని ముందు తామే నిరూపించి కేంద్రం అనుమతి తీసుకోవాలి. అక్షరాస్యత పరీక్షలు నిలిచిపోయాయి. గుమాస్తా నమోదు చేయని చోట ఫెడరల్ పరీక్షకులే వచ్చి నమోదు చేశారు. వారిని నియమించింది ఫెడరల్ సివిల్ సర్వీస్ కమిషన్. మనలాంటి ఉద్యోగులే ఆ రిజిస్టర్లు తెరిచి కూర్చున్నారు. మిసిసిపీలో నల్లవారిలో ఓటర్లుగా నమోదైనవారు అంతకుముందు నూటికి 6.7 మంది. 1967 నాటికి 59.8 మంది. వరమిచ్చిన దేవుడు ఒక్కడే, పూజారి మారాడు.

అదే గాలిలో 1965 అక్టోబరులో వలస చట్టం మారింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు పౌరసత్వం లేదన్న దేశం, 1946లో సంవత్సరానికి వంద మందికి చోటిచ్చిన దేశం, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు ఇచ్చే ఆ పద్ధతిని ఎత్తివేసింది. మన తెలుగు పిల్లలు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అక్కడ అడుగుపెట్టిన తలుపు అదే. సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవారికి మన కుటుంబాలు కూడా కొంత రుణపడి ఉన్నాయి.

ఉద్యోగం, జీతం, పెన్షన్

మనకు దగ్గరి విషయాలు రెండు చెబుతాను. నార్త్ కరోలినాలో డ్యూక్ విద్యుత్ కంపెనీలో నల్లవారికి కూలి విభాగంలోనే పని. ఆ విభాగంలో అత్యధిక జీతం, మిగతా విభాగాల్లోని అత్యల్ప జీతం కంటే తక్కువ. 1964 చట్టం ఉద్యోగాలకు వర్తించిన రోజునే, అంటే 1965 జులై 2నే, కంపెనీ మంచి విభాగాల్లో చేరడానికి రెండు తెలివి పరీక్షలు పెట్టింది. పరీక్ష అందరికీ ఒకటే అంది. ఉన్న 14 మంది నల్లవారిలో 13 మంది కోర్టుకెళ్లారు. చేసే పనికి సంబంధం లేని పరీక్ష, పైకి సమానంగా కనిపించినా ఫలితంలో వివక్షే అయితే చెల్లదని 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

రెండోది అలబామాలోని గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీలో పనిచేసిన లిల్లీ లెడ్‌బెటర్ గారిది. 1997 చివరలో ఆమె నెల జీతం 3,727 డాలర్లు. అదే హోదాలోని పురుషుల్లో అందరికంటే తక్కువ వచ్చేవాడికి 4,286. పేరు లేని ఒక చీటీ వల్ల ఆ తేడా ఆమెకు తెలిసింది. 2007లో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలి, జీతం తక్కువ నిర్ణయించిన 180 రోజుల్లో ఫిర్యాదు చేయలేదని ఆమెను ఓడించింది. తెలియని అన్యాయం మీద ఫిర్యాదు చేయడం ఎలా? తక్కువ జీతం పెన్షన్‌లో కూడా జీవితాంతం వెంటాడుతుంది. 2009 జనవరిలో ఆమె పేరు మీదనే వచ్చిన చట్టం, వివక్షతో కూడిన ప్రతి జీతం చెక్కుతోనూ గడువు మళ్లీ మొదలవుతుందని చెప్పింది. ఆమెకు మాత్రం పైసా రాలేదు. తప్పుగా జరిగిన వేతన నిర్ణయం నెలనెలా కొనసాగే అన్యాయమేనని మన సుప్రీంకోర్టు ఎం.ఆర్. గుప్తా కేసులో 1995లోనే చెప్పిన సంగతి ఇక్కడ సభ్యులు గుర్తుంచుకోదగినది.

వయోవివక్షకు వ్యతిరేకంగా 1967లో వచ్చిన చట్టం మొదట 40 నుంచి 65 ఏళ్ల వారికే వర్తించేది. 1986లో పైవయసు పరిమితి తీసేయడంతో చాలా ఉద్యోగాల్లో నిర్బంధ పదవీ విరమణ అక్కడ లేకుండా పోయింది. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. నల్లవారు తవ్విన కాలువలో అందరి పొలాలూ తడిశాయి.

వెనక్కి నడిచిన అడుగులు

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు, ముందస్తు అనుమతి ఏ రాష్ట్రాలకు వర్తించాలో చెప్పే సూత్రం పాతబడిందని కొట్టేసింది. అనుమతి నిబంధన పుస్తకంలో ఉంది, వర్తించే రాష్ట్రం లేదు. వానలో తడవడం లేదు కదా అని గొడుగు పారేసినట్లుందని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన భిన్నాభిప్రాయంలో అన్నారు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వ కాంట్రాక్టర్లు నియామకాల్లో సమానత్వం పాటించాలని జారీ చేసిన ఉత్తర్వును 2025 జనవరి 21న మరో అధ్యక్షుడు ఒక్క సంతకంతో రద్దు చేశారు. 1964 చట్టాన్ని మాత్రం అలా సంతకంతో తీసేయడం కుదరదు. చట్టానికీ, జి.ఓ.కూ తేడా ఏమిటో మనకు వేరే పాఠం అక్కర్లేదు.

మిత్రులారా, ఈ చరిత్ర నుంచి నేను గ్రహించింది ఇది. హక్కు రాసుకోవడం సగం పని. దాన్ని అమలు చేయవలసిన అధికారి ఎవరు, గడువు ఎంత, చేయకపోతే ఏమవుతుంది, నిరూపించవలసిన భారం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉన్నప్పుడే మిగతా సగం పూర్తవుతుంది. అమెరికాలో 1868 నాటి వాక్యం మారలేదు. ఈ నాలుగు జవాబులు దొరికినప్పుడల్లా అది పనిచేసింది, పోయినప్పుడల్లా మూలపడింది. మనకు ఏ కొత్త ఉత్తర్వు వచ్చినా, డి.ఆర్. బకాయిలైనా, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ అయినా, ముందు సంతోషించి, వెంటనే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. మనం కుర్చీలో ఉన్న రోజుల్లో మన బల్ల ముందు నిలబడిన మనిషికి ఆ జవాబులు మనమే. ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పవలసిన బాధ్యత కూడా మనదే.